రాణి కోసం కట్టని ఫౌంటెన్

నాన్నా,

మోకాలి ఆపరేషన్ అయ్యాక అక్క నిన్ను గుమ్మం దాటనివ్వడం లేదటగా. ఈ సంగతి ఇంకొకరి నోట వినకముందే నేనే చెప్పాలని రాస్తున్నాను. మొన్న ఆదివారం నుంచి మన కూడలిలో టూరిస్టులకు నీ రాణి కథ చెప్పడం మానేశాను.

గడియార స్తంభం, పాత కోర్టు మెట్లు, సేనాపతి విగ్రహం, అన్నీ నువ్వు చెప్పినట్టే చెబుతున్నాను. ఫౌంటెన్ దగ్గరే దారి మళ్ళింది. చనిపోయిన రాణి గుర్తుగా రాజు కట్టించాడని ముప్పై ఏళ్ళు చెప్పి, జనాన్ని ఏడిపించావు. మున్సిపల్ ఆఫీసు రికార్డు గదిలో, కూడలికి మంచినీళ్ళు కావాలని అడిగిన అర్జీ ఒకటి నాకు దొరికింది. నీళ్ళు మోసే ఆడవాళ్ళు నలభై ఒక్కమంది, పేర్ల పక్కన వేలిముద్రలు వేశారు. పదకొండు రోజులు కోర్టు మెట్ల మీంచి లేవలేదు. ఆ ఫౌంటెన్ కట్టిందీ, దానికి నీళ్ళొచ్చిందీ వాళ్ళ మొండితనం వల్లే.

అది చెబుతుంటే నీ స్నేహితుడు, అక్కడ ఫొటోలు తీసే మామయ్య, "అయితే మీ నాన్న అబద్ధాలకోరా?" అని అందరి ముందే అడ్డుపడ్డాడు. "నాన్నను ఏమీ అనను మామయ్యా, కాగితంలో ఉన్నది చెబుతున్నా" అన్నాను. గొంతు వణకలేదు.

గైడు లైసెన్సు తీసుకుంటానన్నప్పుడు "ఆ రద్దీలో ఆడగొంతు వినపడదు" అన్నావు. ఆరేళ్ళయింది. ఇంకా గుచ్చుతూనే ఉంది నాన్నా. కోపమొస్తే తిట్టు. కథ మాత్రం మార్చను.

నీ చిన్న కూతురు


చిట్టితల్లీ,

తిట్టడానికి నాకు నోరెక్కడిది? ఆ అర్జీ నువ్వు పుట్టకముందే చూశాను. ఒకసారి జనానికి చెప్పాను కూడా. మర్నాడే పెద్దాఫీసరు పిలిచి, "రాజుగారి కూడలిలో కూలివాళ్ళ గొడవలేంటయ్యా? లైసెన్సు ఉండాలా, వద్దా?" అన్నాడు. అప్పుడు నువ్వు అమ్మ కడుపులో ఉన్నావు. "ఉండాలి సార్" అని బయటికొచ్చాను. ఆ సాయంత్రమే రాణిని పుట్టించి, ఆ సాయంత్రమే చంపేశాను.

నీ గొంతు వినపడదని కాదమ్మా నా భయం. అందరికీ వినపడుతుందని. నువ్వు తవ్వకుండా వదిలే రకం కాదు, నా పిరికితనం బయటపడుతుందని నీకు వంక పెట్టాను. తప్పు నాదే.

మా పిల్ల చెప్పిందే నిజమని ఫొటోల వాడికి ఫోన్ చేసి చెప్పాను. నమ్మడే! అందుకే వచ్చే ఆదివారం కర్ర పట్టుకుని వస్తున్నా, అక్క ఎంత మొత్తుకున్నా సరే. ఫౌంటెన్ దగ్గర నన్ను ముందుకు పిలువు. రాణిని కల్పించింది నేనేనని నా నోటితోనే చెబుతాను. ఆపైన ఆ ఆడవాళ్ళ పేర్లు నువ్వు చదువు. ఒక్కటీ వదలకు. కూర్చుని వింటాను.

మీ నాన్న