పెడల్ మీద కాలు

నాచారం,
9 జులై 2006

ప్రియమైన నాన్నగారికి,

నమస్కారాలు. మొన్న ఫోన్‌లో సరిగా మాట్లాడలేదని మీరు నొచ్చుకున్నట్టున్నారు. రాజ్యం అత్తయ్య ఇంట్లో ఫోన్ హాల్లో ఉంటుంది. ఏం చెప్పినా నలుగురూ వింటారు. నాకు రాయడమే తేలిక.

అప్రెంటిస్‌గా చేరి నెల అయింది. ఈ కార్ల వర్క్‌షాప్‌లో నేనొక్కదాన్నే అమ్మాయిని. మొదటి వారం కౌంటర్‌లో కూర్చోబెట్టి, వచ్చిన వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడమన్నారు. నేను పని నేర్చుకోవడానికి వచ్చానని మేనేజర్ జగన్మోహన్ గారితో అందామనుకున్నాను కానీ ధైర్యం చాలలేదు. ఉమామహేశ్వర్ అన్న వచ్చి, తనకొక మనిషి కావాలని అడిగి నన్ను తీసుకెళ్ళారు. ఆయనది చెంగిచెర్ల. ఇరవై ఏళ్ళుగా బ్రేకుల పనే చేస్తున్నారు.

మీ రైలు బ్రేకుల్లో గాలి ఉండాలి. కారు బ్రేకుల్లో ఉండకూడదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. నేను కారులో కూర్చుని పెడల్ తొక్కి పట్టి, 'పట్టిన' అని అరవాలి. ఆయన కింద చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి, గాలి పోగానే బిగించి, 'వదులు' అంటారు. అప్పటిదాకా కాలు తీయకూడదు. తీస్తే మళ్ళీ గాలి లోపలికి పోతుంది. నా గొంతు ఆయనకు వినిపించదు. "ఏంది బిడ్డా, లోపల ప్రార్థన జేస్తున్నవా? జర బయటికి అను" అంటారు. అందరూ నవ్వుతారు. నాకు కోపం రాదు.

అమ్మకు చెప్పండి, అన్నం వేళకే తింటున్నాను.

మీ చంద్రిక


ఖరగ్‌పూర్,
20 జులై 2006

ప్రియమైన చిట్టితల్లికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. చేతులకు మసి అంటితే పెళ్ళి సంబంధాలు రావని ఆవిడ భయం. నాకా భయం లేదు. ఆ ఉమామహేశ్వర్ గారి దగ్గర శ్రద్ధగా నేర్చుకో. గొంతు సంగతి కూడా చూసుకో తల్లీ. మాస్టర్లు అడిగినప్పుడు చిన్నప్పుడూ నువ్వు తల ఊపేదానివి, జవాబు చెప్పేదానివి కాదు.

ఇట్లు నీ నాన్న,
రామచంద్రరావు


నాచారం,
27 ఆగస్టు 2006

ప్రియమైన నాన్నగారికి,

ఇక్కడ ఒక విషయం జరిగింది. మా వర్క్‌షాప్ నుంచి సాయంత్రం వెళ్ళిన కారుకి ఉప్పల్ చౌరస్తాలో బ్రేకు పడలేదు. ముందున్న ఆటోను గుద్దింది. ఆటోలో లక్ష్మీనర్సమ్మ అనే ఆవిడ ఉంది. మణికట్టు విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

ఆ కారు బ్రేకులు చేసింది ఉమామహేశ్వర్ అన్న. గాలి పూర్తిగా పోలేదట. కారు యజమాని తొందరపెట్టడంతో నడిపి చూడకుండానే ఇచ్చేశారు. పని పూర్తయిందని జాబ్ కార్డు మీద ఉన్న సంతకం కూడా ఆయనదే. మర్నాడు జగన్మోహన్ గారు ఆయన్ని పనిలోకి రావద్దన్నారు. అన్న పానాలు తుడిచి, పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయారు.

నేను బాగానే ఉన్నాను.

మీ చంద్రిక


ఖరగ్‌పూర్,
6 సెప్టెంబర్ 2006

ప్రియమైన చిట్టితల్లికి,

చదివి మనసు చివుక్కుమంది. అయినా ఒక మాట చెప్తాను. ముప్ఫై ఏళ్ళు రైలు పెట్టెల కింద పాకిన వాణ్ణి. బ్రేకు దగ్గర అశ్రద్ధ చేసిన మనిషి ఎంత మంచివాడైనా ఆ పనిలో ఉండకూడదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడికి పొగరు వచ్చి ఉంటుంది. వాళ్ళు చేసింది సరైన పనే. అతని మీద జాలితో నీ చదువు పాడుచేసుకోకు. బ్రేకు దగ్గర నువ్వెప్పుడూ అలా అశ్రద్ధ చేయవని నాకు తెలుసు.

ఇట్లు నీ నాన్న,
రామచంద్రరావు


నాచారం,
15 అక్టోబర్ 2006

ప్రియమైన నాన్నగారికి,

నెలకు పైగా రాయనందుకు క్షమించండి. పని ఎక్కువగా ఉంది. ఇప్పుడు నేను మళ్ళీ కౌంటర్‌లోనే ఉన్నాను. వానలు తగ్గాయి. మీరు పంపిన స్వెటర్ సరిపోయింది.

మీ చంద్రిక


నాచారం,
12 నవంబర్ 2006

ప్రియమైన నాన్నగారికి,

ఈ ఉత్తరం మీరొక్కరే చదవండి. తర్వాత అమ్మకు చెప్పాలో లేదో మీ ఇష్టం.

ఆ రోజు పెడల్ మీద ఉన్నది నేను. చివరి చక్రం పని జరుగుతుండగా కారు యజమాని కిటికీలోకి వంగి, ఇంకెంతసేపని ఇంగ్లీషులో అడిగాడు. జవాబిస్తూ కాలు తీసేశాను. 'వదులు' అనే మాట ఇంకా రాలేదు. అన్న కింద ఉన్నారు, చూడలేదు. తర్వాత ఆయన అడిగారు, "పెడల్ గట్టిగున్నదా బిడ్డా?" అని. కాలి కింద పెడల్ మెత్తగా ఉంది, అంటే గాలి ఇంకా మిగిలే ఉంది. మళ్ళీ మొదటినుంచి చేయాలంటే అరగంట. ఆ మనిషి వాచీ చూసుకుంటున్నాడు. అందరూ నా వైపే చూస్తున్నారు. తప్పు చేశానని అంతమందిలో చెప్పాలి. 'ఉందన్నా' అన్నాను. నాన్నగారూ, ఆ ఒక్క మాటా గట్టిగానే అన్నాను.

మీ ఉత్తరం వచ్చాక మీకు చెప్పడం ఇంకా కష్టమైంది. పొగరు అన్నారు. ఆయనకు పొగరు లేదు.

పోయిన ఆదివారం చెంగిచెర్ల వెళ్ళాను. మేడిపల్లి వెళ్ళే రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో అన్న ఆటోలు బాగుచేస్తున్నారు. ఆయన భార్య తారామణి గారు నన్ను లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. నేనెవరో ఆవిడకు తెలుసు. నేను చెప్పడం మొదలుపెట్టగానే అన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"నాకెర్కే. కారు గుద్దిందని ఇన్నప్పుడే సమజైంది. పెడల్ మీద కాలు ఎవరిదో నాకు తెల్వకుంట ఉంటదా?"

మరి జగన్మోహన్ గారికి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"జెప్తే నీ అప్రెంటిస్ ఖతం. ఒక్క ఆడపిల్ల వచ్చింది, గామెను గూడ ఎల్లగొట్టిన్రంటే ఇంకో పిల్ల రాదు. నేనంటవా, ఏడ గూసున్నా పని దొరుకుతది." చాయ్ గ్లాసు కింద పెట్టి, "దొరుకుతదనుకున్న," అన్నారు.

ఆ చాయ్ తాగలేకపోయాను.

సోమవారం జరిగిందంతా రాసి జగన్మోహన్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, నవ్వి, కాగితం నా వైపు జరిపారు. మంచి ఇంటి పిల్లవి, చదువుకున్నదానివి, ఇలాంటివి మనసులో పెట్టుకోకు అన్నారు. అతను ఎలాగూ పదో తరగతి తప్పినవాడు, ఆ తప్పు అతనిదంటే ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అక్కడే ఇంకో కాపీ రాసి, అప్రెంటిస్‌లను చూసుకునే ప్రభుత్వ ఆఫీసుకు పోస్టు చేస్తానని చెప్పాను. చేశాను కూడా.

మొన్న శుక్రవారం అన్నను మళ్ళీ పనిలోకి పిలిచారు. నా రికార్డు పుస్తకంలో బ్రేకుల పేజీలన్నీ కొట్టేసి, శిక్షణ ఆరు నెలలు పొడిగించారు. ఆయన నన్ను చూసి తల ఊపి తన పని చేసుకుంటున్నారు. ఆయన దగ్గరికి వెళ్ళే ధైర్యం ఇంకా రాలేదు.

మీ చంద్రిక


ఖరగ్‌పూర్,
21 నవంబర్ 2006

ప్రియమైన చంద్రికకు,

నీ మీద కోపం వచ్చింది. రెండు రోజులు ఉంది. తర్వాత నా మీదికి తిరిగింది.

ఇక్కడ షెడ్డులో అప్రెంటిస్ పిల్లలకు శనివారం పూట పాఠం చెప్తుంటాను. సెప్టెంబర్‌లో నీ ఉత్తరం వాళ్ళకు చదివి వినిపించాను. హైదరాబాదులో ఉమామహేశ్వర్ అనే మెకానిక్ అశ్రద్ధ వల్ల ఒక ఆవిడ చెయ్యి విరిగిందని చెప్పాను. పేరు బోర్డు మీద రాశాను. పద్నాలుగు మంది ఆ పేరు తమ పుస్తకాల్లో రాసుకున్నారు. మనిషిని చూడకుండా, నా కూతురు చెప్పింది గనుక రాయించాను.

నీ జవాబు అందాక వచ్చే శనివారం అది కొట్టేయించాలి. జరిగింది చెప్పాలి. పెడల్ మీద ఎవరున్నారని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఒక అప్రెంటిస్ అని ఊరుకోవచ్చు. అలా అనాలనే ఉంది నాకు. నిన్ను అడగకుండా మాత్రం ఏమీ అనను.

నాన్న


నాచారం,
27 నవంబర్ 2006

ప్రియమైన నాన్నగారికి,

మా అమ్మాయి అని చెప్పండి. పేరు బోర్డు మీద రాయండి, ఇంటిపేరుతో సహా.

చంద్రిక