ముప్పై ఆరు పొట్టి వాసాలు

ఇళ్ళ పైకప్పులు కట్టే వడ్రంగినైన నేను, డెబ్బై ఒకటో ఏట, పూర్తి తెలివిడితో, ఎవరి ఒత్తిడీ బలవంతమూ లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో నిర్ణయించి రాయిస్తున్న వీలునామా ఇది. చేతులు వణుకుతున్నందువల్ల నేను చెబుతుంటే దస్తావేజు లేఖరి రాస్తున్నారు. కిందటేడు రాసిన వీలునామా నేటితో రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కూతురిది.

1. నేను కాపురముంటున్న రెండు గదుల ఇల్లు, వెనక వంటిల్లు, సామానుతో సహా నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఆమె నాకు ఏ లోటూ చేయలేదు. ఒక్కటి మాత్రం రాయక తప్పదు. పెళ్ళయిన ఏడో ఏట, తన చెల్లెలి మొగుణ్ణి, అంటే నా తోడల్లుణ్ణి, నా ఎదుటే మెచ్చుకుంటూ, "మరిదిగారు కొలిచినదాన్ని మళ్ళీ కొలవక్కర్లేదు" అంది. ఆ రోజు నుంచి అతను కొలిచిన ప్రతి కర్రనూ నేను చాటుగా రెండుసార్లు కొలిచాను. ఒక్కదాంట్లోనూ తప్పు దొరకలేదు. అన్నం సహించేది కాదు.

2. నా రసమట్టం, నాతో కలిసి పనిచేసిన తాపీమేస్త్రికి ఇవ్వాలి. ఆయన కట్టిన గోడ రెండు చివరలా ఒకే ఎత్తులో ఉండగా నేను చూడలేదు. ఇకనైనా చూసుకుంటాడని ఆశ.

3. రంపాలు, ఉలులు, చిత్రికలు, ఉక్కు మూలమట్టం నా కూతురికి. పైకప్పు పని నేర్చుకుంటానని పందొమ్మిదో ఏట పట్టుబట్టింది. నేర్పుతానన్నాను. మూడు రోజులు నా దగ్గర నిలబడి నాలుగో రోజు తోడల్లుడి బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఎందుకని అడిగితే, "నువ్వు చెప్తే భయమేస్తుంది నాన్నా, బాబాయ్ చెప్తే అర్థమవుతుంది" అంది. కన్నకూతుర్ని కూడా అతనికే అప్పగించినట్టయింది. అయినా నాకూ కొంత తెలుసని రుజువుగా ఈ పద్ధతి రాయిస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళకు చదివి వినిపించాలి.

గోడకూ గోడకూ మధ్య వెడల్పు కొలిచి సగం చెయ్యి. మూలమట్టానికున్న రెండు చేతుల్లో ఒకదాని మీద పన్నెండు అంగుళాలు, రెండోదాని మీద అడుగుకు కప్పు ఎన్ని అంగుళాలు లేస్తుందో అన్ని పట్టుకో. ఆ సగంలో ఎన్ని అడుగులున్నాయో అన్నిసార్లు దాన్ని కర్ర వెంట జరుపుతూ గీసుకుంటే వాసం పొడవు వస్తుంది. నడిమధ్యన రెండు వైపుల వాసాలూ ఆనుకునే వెన్నుదూలం ఉంటుంది కదా, దాని మందంలో సగం తీసెయ్యి. ఒక్కసారే తియ్యి. గోడ మీద వాసం కూర్చునే గాటు కర్ర లోతులో మూడో వంతు దాటకూడదు. కర్రకు ఒంపుంటే ఉబ్బు పైకి పెట్టు. ముందు ఒక జత కోసి, పైకెత్తి, ఆనించి చూడు. కుదిరాక అందులో ఒకటి మాదిరిగా పెట్టుకుని మిగతావన్నీ దాంతోనే గీసుకో. రెండోదాంతో మూడోది, మూడోదాంతో నాలుగోది గీస్తూ పోతే పెన్సిలు గీత మందమే పెరిగి పెరిగి కొంప ముంచుతుంది. చివరి మాట: మాదిరి వాసాన్ని ఒంటరిగా వదిలి అన్నానికి వెళ్ళకు.

4. ఆ చివరి మాట ఏ మేస్త్రీ చెప్పడు. నేనెందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు నా పేరనున్న షెడ్డు మా మామగారిది. పెద్దల్లుణ్ణి నేను, చిన్నల్లుడు నా తోడల్లుడు. ఇద్దరం అక్కడే పని చేశాం. బడి కప్పు పూర్తయ్యాక షెడ్డు ఒకరికి అప్పగిస్తానని మామగారు అన్నాడు. ఎవరికో నాకు తెలుసు. మా ఆవిడకీ తెలుసు.

ఆ బడి పని నడుస్తుండగా ఒక మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళారు. అతను కోసి, జత ఆనించి సరిచూసుకున్న మాదిరి వాసం గోడకు చేరేసి ఉంది. దాని తల అరంగుళం కోసేశాను. తెగిన ముక్కను జేబులో వేసుకుని వెళ్ళి, అతని పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి తిడతారు. నేను లెక్కతో ఆగలేదు.

దాంతో గీసి అతను ముప్పై ఆరు వాసాలు కోశాడు. మూడో రోజు పైకెత్తితే ప్రతి వాసం తలకూ వెన్నుదూలానికీ మధ్య చిటికెన వేలు దూరేంత సందు. "ఎవడ్రా మాదిరి కోసింది?" అని మామగారు అరిచాడు. అతను మాదిరి వాసం దించి, దాని కొన చాలాసేపు చూశాడు. "నేనే మామయ్యా. దూలం మందంలో సగం రెండుసార్లు తీసేశాను" అన్నాడు. గోడ మీదున్న తాపీమేస్త్రి పగలబడి నవ్వి, "ఓయ్ అరంగుళం!" అని పిలిచాడు. నలభై ఏళ్ళుగా అదే అతని పేరు. కొట్టుకెళ్తే అతని భార్యను కూడా అరంగుళం గారి ఆవిడ అంటారు.

షెడ్డు నాకు వచ్చింది. నా కడుపుమంట చల్లారలేదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు నా షెడ్డులోనే, నా కళ్ళెదుటే, అతని బల్ల చుట్టూ మూగేవారు.

కాబట్టి షెడ్డు, స్థలంతో సహా, నా తోడల్లుడికి చెందాలి. అతని తర్వాత నా కూతురికి. నేను పోయాక ఈ అంశాన్ని షెడ్డులో అందరి ముందు, తాపీమేస్త్రి కూడా ఉండగా, గట్టిగా చదవాలి.

5. పైది రాయించి ఇంటికెళ్ళి నా భార్యకు చెప్పాను. ఆమె, "చచ్చాక చదివిస్తావా? కాళ్ళున్నాయిగా, వెళ్ళి చెప్పు" అంది. ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. అతను వరండాలో రంపానికి ఆకురాయితో పదును పెడుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను.

"తెలుసన్నయ్యా. ఆ రోజే తెలుసు" అన్నాడు. "ఆ కొన చూడగానే పోల్చుకున్నాను. నా కోత ఏనాడైనా అంత నున్నగా ఉందా? చిత్రిక పట్టినట్టుంది. నాకెందుకు రాదీ కోత అని, మామయ్య తిడుతున్నంతసేపూ కుళ్ళుకుంటూ నిలబడ్డాను."

మరెందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే నిన్ను గెంటేసేవాడు. నాకంటే బాగా కోసేవాడు పోయాడని సంతోషపడేవాణ్ణి. అలాంటి సంతోషం వద్దనిపించింది" అన్నాడు.

నేను నలభై ఏళ్ళు ఎవర్ని చూసి ఏడ్చానో, అతను ఒక్క పూట నన్ను చూసి ఏడ్చాడు. అది విని ఇంటికి వస్తూ దారిపొడవునా ఎంత సంబరపడ్డానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నాలుగో అంశంలో మార్పేమీ లేదు. అయితే దాన్ని చదివే రోజున, కోత నున్నగా ఉందని అతను అన్న మాటను కూడా వదలకుండా, అంతే గట్టిగా చదవాలి.

తేదీ: మార్చి పదకొండు, గురువారం

సంతకం: పైకప్పుల వడ్రంగి

సాక్షులు:
వీధి చివరి దర్జీ
ఎదురింటి కాంపౌండరు

రాసినవారు: దస్తావేజు లేఖరి