గోడమీద తమ్ముడి చెయ్యి

రియోగోకు, టోక్యో

అమ్మా,

నువ్వు బెంగపడాల్సిందేమీ లేదు, కుమాజి బాగానే ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం వాడి హోటల్లోనే తిన్నాను. సుమో కుస్తీ పట్టినన్నాళ్లూ వాడు తిన్న చాంకో పులుసునే ఇప్పుడు కుండల్లో ఉడికించి అమ్ముతున్నాడు. జనం వీధి దాకా వరస కట్టారు.

గోడమీద, సుమో వీరులు అభిమానులకి సంతకంలా వేసిచ్చే ఎర్రసిరా అరచేతి అచ్చు, వాడిది ఉంది. ఎవరూ చూడట్లేదనుకుని నా చెయ్యి దానిమీద ఆనించాను. నా వేళ్లే పొడుగమ్మా! వాడు వెనకనుంచి చూడనే చూశాడు. "అన్నయ్యా, సుమో గురువుగారు పిల్లల్ని ఎంచుకోడానికి మనింటికొచ్చిన రోజు నువ్వు చేపల వేటకి పోకపోతే, ఈ హోటల్ నీదే అయ్యేది" అని నవ్వాడు. పాపం, మోకాళ్లు అరిగిపోయి బల్ల పట్టుకుంటేగానీ నిలబడలేకపోతున్నాడు. అయినా నా కడుపుమంట చల్లారలేదు. నాలుగు గిన్నెలు తాగినా చల్లారలేదు.

వలలు ఆరబెట్టమని నీ కోడలితో చెప్పు. నీ కంటిమందు కొన్నాను. తమ్ముడు నీకు దండాలు చెప్పమన్నాడు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు గాలి బాలేదు, వెళ్లనన్నా వినకుండా నన్ను పడవెక్కించావు. ఆ గురువుగారు వస్తారని తెలిసే, నన్ను నీ దగ్గరే ఉంచుకుందామని పంపావా?

నీ పెద్దకొడుకు,
ఇసోయిచి