లేనివారు

కుల్కచర్ల మండలం,
30 నవంబర్ 2025.

తమ్ముడు ముక్తార్‌కు,

యాదమ్మక్క దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమమని రాయాలి, కానీ అబద్ధంతో మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. ఢిల్లీ చలికి జాగ్రత్త. చిన్నప్పుడు మా వాకిట్లో ఆడుకునేటప్పుడే నీకు దగ్గు తొందరగా పట్టేది.

ఫోన్ చేస్తే నీ పీఏ ఎత్తి, సార్ మీటింగులో ఉన్నారంటాడు. ఎంపీవి అయ్యాక నువ్వు మీటింగు బయట ఎప్పుడుంటావో ఆయనకే తెలియాలి. అందుకే ఈ ఉత్తరం. మా అమ్మాయి ప్రణవి దీన్ని ఫోటో తీసి పంపుతుంది.

బుధవారం పార్లమెంటులో మేత భూములు తీసుకునే బిల్లు మీద ఓటింగట. దేశమంతా ఊరూరా అడిగాం, జనం సరేనన్నారు, ఇక సభ ఒప్పుకోవడమే మిగిలిందని మొన్న తాండూరు మీటింగులో అన్నావు. జనం తీర్పు నీకు శిరోధార్యమన్నావు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కొట్టలేదు. మన ఊరు చెప్పింది అది కాదు తమ్ముడూ.

మేత భూముల గురించి మన ఊరిని అడిగిన రోజు అందరినీ బడి ముందు కూర్చోబెట్టి, కొత్త ఆఫీసరు కాగితం చూసి చదివాడు, అభ్యంతరం లేనివారు చేతులెత్తండి అని. అభ్యంతరమంటే అడ్డు చెప్పడమని మనవాళ్లకు తెలుసు. లేనివారంటే పేదవాళ్లనుకున్నారు. లేనోళ్లం మనమే గదా, ఎత్తుండ్రి అని బీరప్ప పెద్దయ్య అరిచాడు. వద్దని చెబుతున్నామనుకుని రెండేసి చేతులెత్తినవాళ్లూ ఉన్నారు. నేనూ ఎత్తాను.

వికారాబాద్ పోయి కలెక్టరాఫీసులో మొరపెట్టుకున్నాను. మేం ఒద్దని ఎత్తినం సారూ అంటే, అక్కడి ఆఫీసరు ఆ రోజు తీసిన ఫోటో చూపించి, ఇందులో చేతులే కనబడతాయమ్మా, మీ మనసులో ఏముందో కనబడదన్నాడు.

బ్రిటన్‌లో యూరప్ కూటమి వద్దని దేశమంతా ఓటేసి చెప్పాక కూడా, అక్కడి పార్లమెంటు ఏళ్లకొద్దీ వాదించుకుందట. ప్రణవి కాలేజీలో చదివింది. మాకోసం నువ్వు ఒక్క పూట వాదించలేవా? మా చేతుల లెక్క మోసుకెళ్లి అక్కడ దించి రావడానికైతే పోస్ట్‌మ్యాన్ సరిపోడా?

గుట్ట కింద మేత పోతే మందను ఎక్కడికి తోలాలి? మా ఆయన శ్రీశైలం అప్పుడే బేరగాణ్ణి పిలిచాడు. వాడు ఒక్కో గొర్రె నడుం తడిమి ధర కట్టాడు. ఈ పని తప్ప మాకు ఇంకోటి రాదు. నాకు భయంగా ఉంది ముక్తార్.

లేచి నిలబడి, మా ఊరు వద్దంది, మళ్లీ అడగండి అని చెప్పు. ఈసారి మన మాటలో అడగమను. గావాల్నా, ఒద్దా. అంతే.

బుధవారం దాకా కంటి మీద కునుకు లేని,
నీ అక్క,
యాదమ్మ.

తా.క.: మీ అమ్మ, మా హాజిరాబీ చిన్నమ్మ, చెప్పొద్దంది గానీ చెబుతున్నాను. ఆ రోజు ఊళ్లో చేయి ఎత్తనిది ఆమె ఒక్కతే. ఎందుకు ఎత్తలేదని అడిగితే, మన తరఫున మాట్లాడెటందుకు నా కొడుకు ఢిల్లీల ఉన్నడు, నేను లేనిదాన్నెట్లయిత అంది. తాండూరులో నీ మాటలు విని ఇంటికొచ్చాక మాత్రం, నేనుగూడ ఎత్తేదుండె బిడ్డా అంది.