పసుపు పూసిన చెవి

అత్తా,

వచ్చే వారం నీ సంవత్సరీకం. అంతలోపల ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

మొన్న మన మందలో పెద్ద నల్లగొర్రెను ఎవరో పట్టుకుపోయినారు. దాని పాలు తాగే పిల్లను మాత్రం ఇడిసిపెట్టినారు. నీ కొడుకు "పోయింది పోయిందిలే" అని కూచున్నాడు. నాకు నువ్వు గుర్తొచ్చినావు. మధ్యాన్నం టీవీలో నేరాల కథలు చూస్తా, "ఇల్లంతా మురికి, ఈ ఒక్క మూల ఎందుకు కడిగినాడు? వీడే దొంగ!" అని పోలీసోళ్ల కంటే ముందే పట్టేస్తాంటివే.

పిల్లను ఎత్తుకుని ప్రొద్దుటూరు సంతకు పోయినా. ఒకడు అమ్ముతాండే గుంపులో ఒక నల్లగొర్రె చెవికి పసుపు పూసుండాది. మనం చెవి కోసి గుర్తు పెట్టి, పుండుకు పసుపు పూసేది పిల్లప్పుడే కదా! పళ్లన్నీ వచ్చిన గొర్రెకు ఇప్పుడు పసుపేంది? మన గుర్తు కనపడకుండా మళ్లీ కోసినాడన్నమాట.

"ఏమప్పా, చెవికేమైంది?" అన్నా.

"ముల్లు గీసుకుందిలేమ్మా" అన్నాడు.

నేను పిల్లను కిందికి దింపినా. అది గొర్రెలన్నిట్నీ దాటుకుని పోయి, తోకాడించుకుంటా ఆ నల్లగొర్రె పొదుగే పట్టుకునింది. సంతంతా ఒకటే ఈలలు! వాడు పలుపు నా చేతిలో పెట్టి తల దించుకున్నాడు.

ఇంటికొచ్చి టీవీ పెట్టినా, నువ్వు పోయినాక మొదటిసారి. "ఈ దొంగల్ని చూసి ఏం బాగుపడతావత్తా" అని నిన్ను రోజూ తిడతాంటి కదా.

బాగుపడినాం అత్తా.