ఇద్దరిదీ కాని భాష

ప్రియమైన చెల్లికి,

మీ బావని ఆస్పత్రిలో చేర్చి పన్నెండు రోజులైంది. పక్షవాతం కాస్త తగ్గింది గానీ మాట తిరగబడింది. ఎస్పరాంటో ఒక్క ముక్క రావడం లేదు, చెప్తే అర్థం కావడం లేదు. పొద్దస్తమానం వాళ్ళమ్మ భాషే. నాకేమో అది రాదు. నర్సులు ఫోనులో అనువాదం పెట్టి చూశారు, దానికి కూడా ఆయన కొండయాస ఎక్కలేదు.

తప్పు మాదే. పెళ్ళప్పుడు ఒట్టు పెట్టుకున్నాం, ఇంట్లో నీ భాషా వద్దు, నా భాషా వద్దు, ఏ దేశానిదీ కాకుండా అందరి కోసం అల్లిన భాష, ఇద్దరం సమానంగా కష్టపడి నేర్చుకున్న ఎస్పరాంటోనే అని. ముప్పై ఒక్క ఏళ్ళు దాంట్లోనే పోట్లాడుకున్నాం. ఇప్పుడు నావైపు చూపిస్తూ ఒకే మాట పదే పదే అంటారు. నీళ్ళు చూపిస్తే కాదంటారు, దుప్పటి చూపిస్తే కాదంటారు. కోపమొచ్చి మొహం గోడకి తిప్పుకుంటారు. ఆ మాటేమిటో తెలియకుండానే మనిషి పోతాడేమోనని భయంగా ఉందే. ఒళ్ళు హూనమైపోయింది.

మీ అక్క

అక్కా,

ప్రపంచమంతటితో మాట్లాడొచ్చని ఆ భాష నేర్చుకుని, సొంత మొగుడితో మాటల్లేకుండా కూర్చున్నావు. దెప్పడానిక్కూడా మనసు రావడం లేదు. మీ ఒట్టు పుణ్యమా అని నేనూ బావతో ఇన్నేళ్ళూ తలూపడమే.

మీకా చిరునామాల పుస్తకం ఉందిగా, ఎస్పరాంటోవాళ్ళు ఏ దేశం నుంచి వచ్చినా ఊరికే ఇంట్లో ఉంచుకునేవాళ్ళది. ఎంతమందికి పక్కలు వేశావు! మేమొస్తే మటుకు సోఫా. అందులో బావ కొండలవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడు. చేతిలో ఉన్న కుట్టుపని అవగానే నేనూ వస్తాను.

నీ చెల్లి

ప్రియమైన చెల్లికి,

పుస్తకం నిండా పోయినవాళ్ళూ, ఇల్లు మారినవాళ్ళూనే. తొమ్మిది ఉత్తరాలు రాస్తే ఒక్కరు వచ్చారు. బావ వాళ్ళ పక్క లోయలో రైలు నడిపి రిటైరైన పెద్దాయన. కోటుకి మా ఎస్పరాంటోవాళ్ళ గుర్తు ఆకుపచ్చ నక్షత్రం, చేతిలో గొడుగు. మంచం పక్కన కూర్చుని విన్నారు. నావైపు చాలాసేపు చూసి ఎస్పరాంటోలో చెప్పారు.

"'ఆవిడ పడుకోలేదు, ఎవరైనా పడుకోమనండి' అంటున్నారమ్మా. అంతే."

ఇన్ని రోజులూ అదే. ఆయన నా గురించి అడుగుతుంటే నేను నీళ్ళు పడుతూ కూర్చున్నాను. అక్కడే ఏడ్చేశాను.

'పడుకుంటాను' అని వాళ్ళ భాషలో ఎలా అంటారో పెద్దాయన్ని అడిగి, బావ చెవి దగ్గర చెప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళ ఒట్టు అక్కడితో సరి. మీ బావ నన్ను చూసి, ఎడం చేత్తో కుర్చీ చూపించారు. వాలితే తెల్లారిపోయింది.

రోజుకి అయిదు మాటలు నేర్చుకుంటున్నాను, ఈ వయసులో. ఇంట్లో ఉన్న పక్క పెద్దాయనకి వేశాను, కాబట్టి నీకు ఈసారీ సోఫానే. వచ్చి బావతో తెలుగులో ఏం చెప్పుకోవాలన్నా చెప్పుకో, ఎవరం ఆపం.

నిద్రపోయి లేచిన
మీ అక్క