మోటారు ఫ్యూజు పీకేశాను

అల్లుడుగారూ, కంప్యూటరు మళ్ళీ షాపుకి మోసుకెళ్ళకండి. పెన్‌డ్రైవు కూడా మార్చకండి, తప్పు వాటిలో లేదు. నిన్న మీరు కంప్యూటర్లోకి కొత్త సిస్టమ్ ఎక్కిస్తుంటే అమ్మాయి నీళ్ళ మోటారు వేసింది. కరెంటు తగ్గి గదిలో లైటు డల్లయింది, అప్పుడే మీ కంప్యూటరూ ఆగిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. మీరేమో తల పట్టుకుని కూర్చున్నారు.

ట్యాంకు నింపేసి మోటారు ఫ్యూజు పీకేశాను. సాయంత్రం దాకా నీళ్ళకి లోటుండదు. సగంలో ఆగినదాన్ని చెరిపేసి, మొదటినుంచీ ఎక్కించండి. అన్నం గిన్నెలో ఉంది.

రేపటి ఉద్యోగం పరీక్ష మీరు ఆ కంప్యూటరు మీదే రాయాలని తెలుసు. మీ అత్తగారు ఆస్పత్రిలో పోయిన రోజు, నేను ఎన్నిసార్లు చేసినా మీరు ఫోన్ ఎత్తలేదు. అది మర్చిపోలేదు, మర్చిపోను కూడా. అలాగని మీ పరీక్ష పోవాలని కోరుకునేవాణ్ణి కాదు.

నేను మిల్లుకి వెళ్తున్నాను.

ఇంకో మాట. మోటారు సంగతి మీరే కనిపెట్టినట్టు అమ్మాయితో చెప్పండి. "నీకేం చేతనవునులే" అని అది పొద్దస్తమానం మిమ్మల్ని అంటుంటే వినలేకపోతున్నాను. అది వచ్చి నన్నడిగితే, నాకేం తెలియదంటాను.